దూరం పోయే గేరు

కథను మొదటినుంచి చదువుతున్నవాళ్ళు ఈ నాలుగు ముక్కలు దాటి ముందుకు పోవచ్చు. ఈ వారమే పత్రిక చేతికి అందినవాళ్ళను మాత్రం గుమ్మంలో నిలబెట్టడం మర్యాద కాదు.

బహదూర్, జాహిదాలది నంద్యాల. ఆస్ట్రేలియా వచ్చి చాలా ఏళ్ళయింది. ఊళ్ళు మారి మారి చివరికి టూవూంబాలో కుదురుకున్నారు. ఆయన ట్రాక్టరు విడిభాగాల కొట్లో కౌంటరు చూస్తాడు. ఆమె ఊళ్ళోని ఆసుపత్రిలో నర్సు. ఒక్కగానొక్క కూతురు అమ్రీన్, అల్లుడు అయాన్ సిడ్నీలో వెస్ట్‌మీడ్ దగ్గర అద్దె ఫ్లాట్‌లో ఉంటారు. అమ్రీన్‌కు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోసారి. మంచం దిగవద్దన్నారు డాక్టర్లు. కాన్పయ్యేదాకా బిడ్డ దగ్గర ఉండాలని జాహిదా అక్కడ తాత్కాలికంగా పని సంపాదించుకుంది. వచ్చే వారమే ప్రయాణం. 'కరోలా నువ్వు తీసుకొని పో, నేను రెండు వారాలకోసారి నా షెవెల్‌లో వస్తా' అని బహదూర్ మాటిచ్చాడు. ఒక రైతు కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఆ పాత అమెరికా కారును కొని, ఏళ్ళ తరబడి ఒళ్ళు హూనం చేసుకొని బాగుచేసుకున్నాడాయన. పోయిన వారం అది కొండెక్కుతూ గేరు పడక నడిరోడ్డు మీద ఆగిపోయింది. మనమూ అక్కడే ఆగాం.

గేర్‌బాక్సులు బాగుచేసే నెవిల్ షెడ్డు ఊరి చివర, ధాన్యం గోదాముల అవతల ఉంది. ఆ పొద్దున రాత్రి డ్యూటీ దిగిన జాహిదా ఇంటికి పోయి పడుకోవలసిన మనిషి. "నువ్వు గూడా ఉంటే మంచిది. వాని ఇంగ్లీషు నాకు సగం అర్థం కాదు" అని బహదూర్ బతిమాలితే వచ్చింది. రోజంతా రైతులతో ఇంగ్లీషులో బేరాలాడే మనిషికి నెవిల్ ఇంగ్లీషు అర్థం కాకపోవడమేమిటని ఆమెకు అనిపించకపోలేదు. కానీ నిద్రలేని మనిషికి అనుమానపడడం కూడా ఒక పనే.

షెడ్డులో షెవెల్ గాలిలో వేలాడుతోంది. దానికి జాహిదా పెట్టిన పేరు ఎనుము. నల్లగా, పొడుగ్గా ఉంటుంది, ఎంత పోసినా తాగుతుంది, కదలమన్నప్పుడు కదలదు. లిఫ్టు మీద నాలుగు చక్రాలూ వేలాడేసి, కడుపు కింద గేర్‌బాక్సు ఉండాల్సిన చోట చీకటి బొంద. ఆమెకు ఆపరేషన్ థియేటరు గుర్తొచ్చింది. అక్కడైతే కనీసం గుడ్డ కప్పుతారు.

నెవిల్ భారీ మనిషి. ఎండకు మచ్చలు పడిన చేతులు, నెత్తిన నూనె మరకల టోపీ. ఆమెకు ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి వేసి, అడక్కుండానే కాగితపు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చాడు. పాలు లేవు. అయినా తాగింది.

"చూడండి, మూడు దారులున్నాయి" అన్నాడు నెవిల్, నేల మీద వరసగా పెట్టిన మూడు ఇనప ముద్దల్ని బూటు కొనతో చూపిస్తూ. "ఇది మీ పాత పెట్టె. మూడు గేర్లు. అరిగినవి మార్చి మళ్ళీ ఎక్కించేస్తాను. నా మనవడి పెళ్ళయ్యేదాకా పనిచేస్తుంది. కానీ పైన గేరు లేదు. హైవే మీద గంట నడిపితే మీ చెవులు, మీ పెట్రోలు, రెండూ పోతాయి. ఇక ఈ నడిమిది, ఓవర్‌డ్రైవ్ ఉన్న నాలుగు గేర్లది. ఉన్న చోటులో ఇట్టే సరిపోతుంది. కాకపోతే దీని నడుము సన్నం. ఇంత పెద్ద ఇంజనుకు కట్టి కొండ ఎక్కిస్తే ఎప్పుడు విరుగుతుందో నేను చెప్పలేను. ఆ చివరిది కూడా ఓవర్‌డ్రైవే. లారీలకు పెట్టే జాతి. దాన్ని మీరు చంపలేరు, మేట్. కానీ ఒళ్ళు పెద్దది. కారు నేల మధ్యన ఎత్తుగా ఉంటుంది చూడండి, అది కోసి, వెడల్పు చేసి మళ్ళీ అతకాలి. గేర్లు మార్చేందుకు చిన్న కంప్యూటరు పెట్టాలి. ఒకసారి కోస్తే కారు మళ్ళీ కొత్తప్పటి కారు కాదు."

"ఓవర్‌డ్రైవ్ అంటే ఏందండీ?" అని జాహిదా మొగుణ్ణి తెలుగులో అడిగింది. ఆరేళ్ళుగా ఇంట్లో వింటున్న మాట. ఇంతవరకూ అడగాలని తోచలేదు.

బహదూర్ మొహం కాస్త వెలిగింది. "మూడో గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనక షాఫ్టు గూడా ఒకే చుట్టు. అదే ఓవర్‌డ్రైవ్ ఉంటే, ఇంజను ముప్పావు చుట్టు తిరిగేలోపలే షాఫ్టు చుట్టంతా అయిపోతది. బండి అదే స్పీడు పోతాంటది, ఇంజనుకు మాత్రం విశ్రాంతి."

"ఆడోళ్ళకు పెట్టేది ఉందా అట్లాంటిది?"

బహదూర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన ఎందుకు నవ్వాడో తెలియకపోయినా నెవిల్ మర్యాదకు నవ్వి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"సరే. ఇప్పుడు నా ప్రశ్న. ఇది అడక్కుండా నేను స్పానరు పట్టను. జనం డాక్టరుకు అబద్ధం చెప్తారు, నాకూ చెప్తారు. డాక్టరుకు చెప్తే వాళ్ళే పోతారు, నాకు చెప్తే నా పేరు పోతుంది. కాబట్టి నిజం చెప్పండి. ఈ కారుతో మీరు నిజంగా ఏం చేస్తారు? ఊళ్ళో తిప్పుతారా, పందాలకు పోతారా, దూరప్రయాణమా?"

జాహిదా నోట్లో 'సిడ్నీ' అన్న మాట సిద్ధంగా ఉంది. టీ గుటక మింగి అందామనుకుంది. ఆ గుటకలోపే బహదూర్ చెప్పేశాడు. ఆమెవైపు చూడలేదు, నెవిల్‌వైపూ చూడలేదు. నేల మీదున్న పాత పెట్టెను చూస్తూ చెప్పాడు.

"ఊళ్ళోనే. ఆదివారం పూట పిక్నిక్ పాయింట్ దాకా పోయి, టీ తాగి వస్తాం. అంతే. దూరం పోయే పని లేదు."

నెవిల్ తలూపాడు. "అయితే ఇంకేం, పాతదే బాగుచేద్దాం. ఎందుకు కోసుకోవడం?"

కాగితపు గ్లాసు జాహిదా చేతిలో నలిగింది. మిగిలిన టీ వేళ్ళ మీదుగా యూనిఫాం మీదికి కారింది.

"ఏమంటిరి?"

"ఇంటికి పోయినంక మాట్లాడుదాం."

"ఏమంటిరి మీరు? దూరం పోయే పని లేదా? రెండు వారాలకోసారి వస్తానంటిరే! నేను ఆ బిడ్డకు మాటిచ్చింటినే!"

"జాహిదా, వాని ముందర..."

"వానికేం అర్థమైతది! మీరు చెప్పింది నాకే అర్థం కాలేదు, వానికి అర్థమైతదా?"

తెలుగు ముక్క రాకపోయినా నెవిల్‌కు అర్థం కావలసింది అర్థమైంది. టోపీ వెనక్కి నెట్టుకొని అన్నాడు. "మా ఆవిడ కూడా నా కారు మీద ఇట్లాగే అరిచేది. చివరికి కారును ఉంచుకుని నన్ను పంపేసింది." ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. "తొందరేం లేదు. అంటే, కొంచెం ఉంది. నేల కోసి అతికే మనిషి ఇవాళ ఇక్కడే ఉన్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. కోయమంటే మధ్యాహ్నంలోగా ఒక్క మెసేజ్ పెట్టండి. లేదంటే పాతదే విప్పుతా."

కరోలా జాహిదాయే నడిపింది. బహదూర్ పక్కన కూర్చుని సీటుబెల్టును రెండు చేతులతో పట్టుకున్నాడు, అదేదో ఊడిపోతుందన్నట్టు. పొగమంచు విడిపోయి ఎండ వచ్చింది గాని చలి తగ్గలేదు. ఎర్రమట్టి రోడ్డు దాటి తారురోడ్డు ఎక్కారు.

"నువ్వు వినాలనే పిల్చుకపోయినా" అన్నాడు బహదూర్.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"వాడు ఈ ప్రశ్న అడుగుతాడని నాకు తెలుసు. అందరినీ అడుగుతాడు. నీతో మొగం మొగం చూసి చెప్పలేకపోయినా. అడిగినోనికి చెప్తాంటే నీ చెవిన పడతది గదా అనుకున్నా."

"మొగుడు పెండ్లాంతో చెప్పాల్సిన మాట గేర్‌బాక్సు వానితో చెప్తారా!"

"తప్పే."

"తప్పే అంటే సరిపాయెనా? మరి వస్తానని ఎందుకు చెప్తిరి?"

"చెప్పకపోతే నువ్వు కదిలేదానివి కాదు. నువ్వు పోవాల జాహిదా. దానికి తల్లి కావాల."

"తండ్రి అక్కరలేదా?"

దానికి ఆయన చాలా కారణాలు చెప్పాడు. అల్లుడింట్లో కూర్చుని తినడం తన ఇంటావంటా లేదన్నాడు. ఫ్లాట్ ఇరుకన్నాడు. ఈ ఊళ్ళో మగవాళ్ళెవరన్నా పోతే మయ్యత్‌కు స్నానం చేయించేది తనూ, ఫిజీ నుంచి వచ్చిన ఒక ముసలాయనా మాత్రమేనని, ఆయనకు ఈమధ్య చేతులు వణుకుతున్నాయనీ అన్నాడు. అన్నీ నిజాలే. ఒక నిజం చాలనప్పుడే మనిషి నాలుగు నిజాలు తెచ్చి పేరుస్తాడు. జాహిదా ఆసుపత్రిలో అట్లాంటివాళ్ళను రోజూ చూస్తుంది.

"చచ్చినోళ్ళకు స్నానం చేయించేకి ఉంటారు. బతికుండే బిడ్డను చూసేకి రారు" అంది.

అన్నాక గాని ఎంత మాట అన్నదో తెలియలేదు. బహదూర్ కిటికీవైపు తిరిగాడు. ఇల్లు చేరేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

ఇంట్లో ఆమె యూనిఫాం మార్చుకుని, నిన్నటి పప్పు వేడిచేసి, అన్నం పెట్టింది. ఎంత కోపమున్నా పళ్ళెం పెట్టే చేతికి ఆ సంగతి తెలియదు కాబోలు. ఆయన రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఫోను మోగింది. అమ్రీన్. తెర మీద దిండు, దిండు మీద కూతురి మొహం.

"మమ్మీ! నిద్రపోలేదా ఇంకా? కళ్ళు చూడు ఎట్లున్నాయో. నాన్న ఏరీ?"

"ఇక్కడే. తింటాండారు."

"నాన్నా, గుడ్ న్యూస్! కింద ఫ్లాట్ శ్యామసుందరి ఆంటీ లేరా, వాళ్ళ కార్ స్పాట్ ఖాళీ అంట. నీ ఎనుము సరిపోదేమోనని అయాన్ టేప్ పెట్టి కొలిచినాడు. జస్ట్ ఫిట్! ముక్కు కొంచెం బయటికి వస్తది, దట్స్ ఫైన్. ఎప్పుడొస్తున్నావు? నేను ఇక్కడ సీలింగ్ చూసి చూసి మెంటల్ అయిపోతున్నా."

బహదూర్ చేతిలో ముద్ద అట్లాగే ఉంది. జాహిదా ఫోను ఆయనవైపే తిప్పి పట్టుకుంది. కాస్త కూడా కదపలేదు. ఇప్పుడు చెప్పు చూద్దామన్నట్టు పట్టుకుంది.

"వస్తాలేమ్మా" అన్నాడు బహదూర్. "గేర్‌బాక్సు అయిపోనీ. వస్తా."

"ప్రామిస్?"

"వస్తాలే. నువ్వు లెయ్యొద్దు. నీళ్ళు బాగా తాగు."

ఫోను పెట్టేశాక జాహిదా ఆయన ఎదురుగా కూర్చుంది. అరవడానికి ఓపిక లేదు. గొంతు అలసటతో హెచ్చుతగ్గుల్లేకుండా వచ్చింది.

"ఇప్పుడు గూడా వస్తానంటిరి."

"ఏం చెప్పేది మరి?"

"నమాజు చదివే నోటితో ఎన్ని అబద్ధాలు చెప్తారు? నెవిల్‌కు నిజం చెప్తిరి, కన్నబిడ్డకు అబద్ధం చెప్తిరి."

బహదూర్ పళ్ళెం పక్కకు జరిపాడు. "నేను ఊరికే చెప్పలేదు జాహిదా. ఇస్తెఖారా చేసినా. వరసగా చదివినా."

ఆమె కళ్ళు విప్పి చూసింది. ఏదన్నా పెద్ద పనికి దిగేముందు రెండు రకాతుల నమాజు చదివి, 'అల్లా, ఈ పనిలో నాకు మేలుంటే దారి సులువు చెయ్, కీడుంటే నన్ను దీన్నుంచి తప్పించు' అని అడుక్కోవడం వాళ్ళ ఇళ్ళలో ఉన్న పద్ధతే. అమ్రీన్ పెళ్ళికి అడిగారు. ఈ ఊరు రావడానికి అడిగారు. ఇల్లు కొనేముందు అడిగితే, ఆ ఇల్లు వేరేవాళ్ళు ముందే కొనేసుకున్నారు. మేలే జరిగింది, ఆ వీధిలోకి తర్వాత వరదనీళ్ళు వచ్చాయి.

"జవాబు వచ్చిందా?"

"కలొచ్చింది. పెద్ద రోడ్డు. రెండు పక్కలా ఏమీ లేదు. బండి చప్పుడు చెయ్యకుండా పోతాంది. నేను పక్కన నిలబడి చూస్తాండా."

"దానికి మీరు చెప్పుకున్న అర్థం?"

"గొడవెందుకు, పాత పెట్టెతోనే చప్పుడు చెయ్యకుండా ఊళ్ళో ఉండమని."

"రోడ్డు కనపడితే రోడ్డెక్కమని గాని, ఇంట్లో ఉండమని ఎట్లైతది? పాత పెట్టెతో హైవే మీద చప్పుడు లేకుండా యాడ పోతదండీ మీ బండి? ఆ నెవిల్ చెప్పె గదా, చెవులు పోతాయని."

ఆయన వేళ్ళకు అంటిన మెతుకులు ఒక్కొక్కటే తీసుకున్నాడు. అప్పుడామెకు ఇంకొక అనుమానం వచ్చింది. దీన్ని నిద్రలేమి కూడా ఆపలేకపోయింది.

"ఇస్తెఖారాలో మీరు ఏమని అడిగినారు?"

"ఏ గేర్‌బాక్సు పెట్టాలని."

"ఏ గేర్‌బాక్సు పెట్టాలని అడిగినారు. బిడ్డ దగ్గరికి పోవాల్నా వద్దా అని అడిగినారా?"

బహదూర్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"అడిగినారా, లేదా?"

"అడగలేదు."

"ఎందుకు?"

"అడిగితే జవాబు వస్తది గదా" అన్నాడు ఆయన. చాలా చిన్న గొంతుతో అన్నాడు. "పో అని వస్తే పోవాల. పోకుండా ఉండేకి అయ్యేది లేదు."

వంటింట్లో ఫ్రిజ్ గురగురమంటోంది. జాహిదా ఆయన చేతుల్ని చూసింది. గోళ్ళ కింద నల్లటి నూనె, వేళ్ళ కణుపుల మీద గీతలు. ఆ చేతులతోనే ఆయన ఈ ఊళ్ళో ఎంతమందిని చివరిసారి శుభ్రం చేసి పంపాడో. డాక్టర్లు, టాక్సీ తోలేవాళ్ళు, చదువుకోడానికొచ్చి కారు గుద్దుకొని పోయిన ఒక పిల్లవాడు.

"మొన్నటిసారి అమ్రీన్‌కు అయింది గదా" అన్నాడు బహదూర్. "ఆరో నెల. నేను పోయిన దినమే. ఇంట్లోకి పోయి చెప్పులు విడిచినానో లేదో, ఆ పిల్ల నడుం పట్టుకుని కూలబడె. రెండు దినాలకు, ఆ... ఆ బిడ్డకు స్నానం నేనే చేయించినా. ఎవురినీ పిలవలేదు. ఈ అరచేయంతే ఉండె. ముఖం అచ్చం మా అమ్మ ముఖం. నీకు చెప్పలేదు."

చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ రెండు రోజులు తనూ అక్కడే ఉన్నా, ఆమె కూతురి మంచం దగ్గర నర్సుగానే ఉండిపోయింది. తల్లిగా ఉంటే నిలబడలేనని భయపడి.

"నేను నమ్మేది తప్పని తెలుసు. శకునాలు చూడకూడదు. మౌల్వీసాబును అడిగితే గూడా తిడతాడు. అయినా ఆ వాకిట్లో కాలు పెట్టాలంటే నా కాలు లేసేది లేదు జాహిదా. చచ్చినోళ్ళను తాకే చేతులతో పోతాండానే, మళ్ళా ఏమైతదో అని. అందుకే దూరం పోయే బండి లేకుంటే పోయేది లేదు గదా అనుకున్నా. నా నోటితో రానని చెప్పే పని తప్పుతది. బండి పోలేదు, అంతే."

జాహిదా లేచి ఆయన పళ్ళెం తీసింది. సింకులో పెట్టి, నీళ్ళు తిప్పి, కట్టేసి, అక్కడే నిలబడింది. ఏమని చెప్పాలి? చేతులకు శకునమేముంటుంది? ఆమె చేతులూ రోజూ అదే పని చేస్తున్నాయి. వార్డులో కళ్ళు మూసినవాళ్ళ రెప్పలు సరిచేసి, ఆ చేతులే కడుక్కుని పక్క మంచం మీది పిల్లవాడికి మందు తాగిస్తుంది. ఆ పిల్లవాడు బతికి ఇంటికి పోతాడు. దేవుడు ఒక చేతిలో ఒకే పని పెట్టడు కదా.

అదే చెప్పింది, ఇంకా మామూలు మాటల్లో. చెప్పి, "ఇప్పుడు అడగండి" అంది.

"ఇప్పుడా?"

"మధ్యాహ్నం జోహర్ నమాజు వేళైంది. సాయంత్రం అసర్ అయితే మళ్ళా ఇట్లాంటి నఫిల్ నమాజు చదవకూడదు. లెయ్యండి. ఈసారి గేర్‌బాక్సు మాట ఎత్తొద్దు. అసలుదే అడగండి."

బహదూర్ లేచాడు. ముసలివాడిలాగా బల్ల పట్టుకుని లేచాడు. బాత్రూములో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కునే వజూ నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది. తర్వాత పడకగది తలుపు మూసుకుంది.

జాహిదా సోఫాలో కూర్చుంది. కూర్చుంటే నిద్ర వస్తుందని తెలుసు. రాలేదు. ఫోను వెలిగింది. నెవిల్ మెసేజ్. 'మనిషి ఉన్నాడు, రంపం ఉంది, కారు ఉంది. మీ మాట ఒకటే లేదు.'

ఆమె ఫోను బోర్లించి పెట్టింది. మూసిన తలుపువైపు చూస్తూ కూర్చుంది. ఆ తలుపు వెనక మొగుడు ఎంత భయపడుతూ అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. ఎందుకంటే ఆ ప్రశ్న ఆమె ఇంతకు ముందే అడిగింది. వెస్ట్‌మీడ్ పనికి సంతకం పెట్టకముందే, ఆ గదిలోనే, అదే జానిమాజ్ చాప మీద. ఎవరికీ చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. బహదూర్ మొహం తడిగా ఉంది. వజూ నీళ్ళు అంతసేపు ఉండవు.

"కలలు గిలలు ఏం లేవు" అన్నాడు. "అడిగేది అడిగి, సలాం తిప్పి నమాజు ముగించినాక, ఎదలో బరువు కొంచెం దిగినట్టనిపిచ్చె. అంతే. దాన్నే జవాబు అనుకుంటా." ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆ రోజంతట్లో మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "నెవిల్‌కు చెప్పు, కోయమని. ఆ పెద్ద పెట్టే పెట్టమను. కారు కొత్తప్పటిది కాకుంటే పోనీ, నేను మాత్రం కొత్తప్పటి మనిషినా? రెండు వారాలకోసారి కాదు, బండి అయినంక వచ్చి ఆడనే ఉంటా, కాన్పయ్యేదాకా. అల్లుడు అన్నం పెట్టకపోతే ఆ పక్కన పెండిల్ హిల్‌లో మనోళ్ళ హోటళ్ళున్నాయి, తెచ్చుకుంటా."

జాహిదా ఫోను చేతిలోకి తీసుకుంది. నెవిల్ మెసేజ్ కింద వేలు పెట్టింది. ఏమీ రాయలేదు.

"రాయి మరి. వాడు పోతాడు."

"మీకొక మాట చెప్పాల."

"ముందు రాయి, తర్వాత చెప్పు."

"కాదు. ముందు ఇది." ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "నేను గూడా అడిగినా. అసలుదే అడిగినా. పోవాల్నా వద్దా అని. సంతకం పెట్టకముందు."

బహదూర్ భుజాలు తేలికపడ్డాయి. "అట్లనా! మరి చెప్పకపోతివే. ఇద్దరికీ ఒకటే వచ్చిందన్నమాట. పొమ్మనే గదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ప్రతిసారీ ఎద మూసుకపోయె. అడిగినన్ని సార్లూ పోబుద్ధి కాలేదు. ఒక్కసారి గూడా. బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఆడ గూడా డ్యూటీ, ఇంటికొస్తే మళ్ళా డ్యూటీ. నా నడుము, నా కాళ్ళు..." ఆమె మోకాలు నిమురుకుంది. "అది అల్లా జవాబో, నా నడుం నొప్పి జవాబో తెలియక, తల్లి పోకుంటే లోకం ఏమంటదో అని సంతకం పెట్టేసినా. మీరొస్తారనే ధైర్యంతో పెట్టినా. ఇప్పుడు మీరు వస్తానంటాంటే..."

"అంటాంటే?"

"నాకు పోవాలని లేదండీ."

ఆమె ఒళ్ళో ఫోను మోగడం మొదలుపెట్టింది. నెవిల్. మధ్యాహ్నం దాటిపోయింది. ఇద్దరూ దాన్ని చూశారు. మూడుసార్లు మోగాక బహదూర్ చెయ్యి చాచి ఫోను అందుకుని చెవికి పెట్టుకున్నాడు.

"చెప్పండి మేట్" అంటోంది నెవిల్ గొంతు, అవతల ఇనుము మీద ఇనుము రాసుకునే చప్పుడు మధ్యలోంచి. "దూరం పోతున్నారా, లేదా?"

బహదూర్ భార్యవైపు చూశాడు.

"పోతున్నాం" అన్నాడు ఇంగ్లీషులో. "ఎవరు పోతారో ఇంకా తేలలేదు. మీరు కోయండి."